దగ్గరికొచ్చి సూసినోళ్ళు లేరు

మా అవ్వకు కుడికన్ను లేకుండె. గుడ్డు ఉండె, చూపు లేకుండె. నల్లగుడ్డు మీద బూడిద రంగు కమ్మి, కంటిపాప గుండ్రంగ కాకుండ ఎలుక కొరికిన రొట్టె అంచు లెక్క కనపడేది. మా చిన్న చెల్లె ఆ కన్నుకు భయపడి అవ్వకు ఎడమపక్కనే పండుకునేది. ఆ కన్ను అట్ల ఎందుకైందో తెలుసుకోనీకె నాకు పద్నాలుగేండ్లు పట్టింది. అది కూడ ఎవరో చెప్తే తెలువలేదు. నా కన్నుకు అదే రోగం వస్తే తెలిసింది.

మాది నిజామాబాద్ జిల్లా కోటగిరి. మాదిగోళ్ళం. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయింది. కాలువ నీళ్ళు పారినయి. ఆ నీళ్ళకు చెరుకు మొలిచింది. ఆ చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆంధ్ర నుంచి రైతులొచ్చి క్యాంపులు వేసుకున్నరు. ఊరికి నీళ్ళొచ్చినయి, పైసలొచ్చినయి, మిల్లులొచ్చినయి. మా వాడకు మాత్రం భూమి రాలేదు, పని వచ్చింది. వానాకాలం నాట్లు, యాసంగి నాట్లు, నడుమ కలుపు, చలికాలం చెరుకు నరుకుడు. ఏడాది పొడుగునా మా ఆడోళ్ళు బురదలో వంగే ఉండేటోళ్ళు.

అవ్వకు నడుము నొప్పి ఉండె. నాట్లేసే ఆడోళ్ళు ఎవ్వరికి ఉండదు నడుము నొప్పి? అందుకే దాన్ని మేమెవ్వరం రోగం కింద లెక్కపెట్టలే. గని అవ్వ నొప్పి వేరే తీరు. పగలంత వంగి పనిచేసినప్పుడు అంతగా అనకపోయేది. రాత్రి పండుకున్నంకనే మొదలయ్యేది. తెల్లారుజామున లేచి అటూ ఇటూ తిరిగేది. కోడి కూసే యాళ్ళకు నిట్టగ నిలవడలేకపోయేది. గోడ పట్టుకొని, కొయ్యబొమ్మ లెక్క బిగుసుకపోయి, మెల్లమెల్లగ వాకిలి ఊడ్చేది. గంటసేపు పనిల పడితే ఇడిసేది.

పటేలు ఇది చూసి ఒకనాడు అందరి ముందట అన్నడు: "పనిల పడితే పోయే నొప్పి అదేం నొప్పే? అది బద్దకం. పనే దానికి మందు."

నాటేసే ఆడోళ్ళందరు నవ్విండ్రు. గట్టు మీద కూసున్న నేను కూడ నవ్విన. అవ్వ కూడ నవ్వింది. ఆ నవ్వు సంగతి మళ్ళ చెప్త.

1981 వానాకాలం. నేను ఏడో తరగతి. నడుమ నాట్లున్నప్పుడు ఒకనాడు రాత్రి అవ్వకు కుడికన్ను సలుపుడు మొదలైంది. తెల్లారేసరికి ఎర్రగైంది. నల్లగుడ్డు చుట్టూ గీత గీసినట్టు ఎరుపు. నీళ్ళు కారుతున్నయి గని పుసి లేదు. వెలుతురు ఓర్వలేక కొంగు కప్పుకొని చీకటి మూలకు కూసున్నది. "దీపం తియ్యుండ్రి, సూదులు గుచ్చినట్టైతుంది" అన్నది. నందివర్ధనం పూలు తెచ్చి కట్టినం. పక్కింటి బాలింత చనుబాలు పిండింది. తగ్గలే. మూడోనాడు ఊర్లె ఆరెంపీ డాక్టరు దగ్గరికి బాపు తోల్కపోయిండు, ఎంబడి నేను.

డాక్టరు అరుగు మీద కుర్చీలో ఉన్నడు. మేము అరుగు కింద. ఆయన కుర్చీలకెల్లి లేవలేదు. అక్కడికెల్లే చూసి "కండ్ల కలుక" అన్నడు. సీసా తీసి, "కన్ను నువ్వే తెరువవే" అని, జానెడు ఎత్తు నుంచి చుక్క వేసిండు. ఒక చుక్క కన్నుల పడ్డది, రెండు చుక్కలు చెంప మీద పడ్డయి. చెయ్యి మాత్రం తగలలే. సీసా బాపు చేతిల పెట్టలేదు, అరుగు అంచు మీద పెట్టిండు. బాపు అక్కడినుంచి తీసుకున్నడు. ఇదేం కొత్త ముచ్చట కాదు. చాయ అయినా మందైనా మాకు అట్లనే వచ్చేది.

ఆ చుక్కలకు నాలుగొద్దులల్ల ఎరుపు తగ్గింది. అవ్వ మళ్ళ నాటుకు పోయింది. సీసా అయిపోయింది. పదిహేనొద్దులకు కన్ను మళ్ళ ఎర్రగైంది.

ఇక్కడ కొంచెం ఆగి రోగం పేరు చెప్పాలె. యువియైటిస్ అంటరు. కంటిగుడ్డు లోపల ద్రాక్షపండు తొక్క అసొంటి పొర ఒకటుంటది. లాటిన్ భాషలో ద్రాక్షకు ఉన్న పేరే ఆ పొరకు పెట్టిండ్రు. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం దాని ముందరి భాగం. ఆ పొర వాచి మండితే అది యువియైటిస్. వాచిన వలయం ఎనుక ఉన్న కటకానికి అతుక్కుంటది. అతుక్కుంటే కంటిపాప గుండ్రంగ ఉండదు, పలుగుతది. అతుకు చుట్టూరా వడితే లోపలి నీళ్ళకు తొవ్వ బందై, కంటిలో ఒత్తిడి పెరిగి నరం చస్తది. అందుకే రెండు మందులు ఒక్కసారే పడాలె. ఒకటి వాపు తగ్గించే స్టిరాయిడ్ చుక్కలు. రెండోది కంటిపాపను పెద్దగ తెరిచి అతుకు పడకుండ చూసే చుక్కలు, అట్రోపిన్ అసొంటివి. 1981లో ఈ రెండు మందులూ ఉన్నయి. కొత్తవీ కావు, పిరమైనవీ కావు. కావాల్సిందల్లా ఇది కలుక కాదని గుర్తుపట్టే కన్ను.

గుర్తుపట్టాలంటే దగ్గరికి రావాలె. చేయి దూరం నుంచి చూస్తే ఎర్రకన్నులన్నీ ఒక్క తీరే ఉంటయి. రెప్ప పట్టి పైకి లేపి, మొఖానికి మొఖం ఆనిచ్చి చూస్తెనే తేడా తెలుస్తది. మా అవ్వ రెప్ప ముట్టుకునే చెయ్యి ఆ ఊర్లో లేకుండె.

రెండోసారి ఎర్రబడ్డప్పుడు ఊర్లో ఇంకో మాట పుట్టింది. "దానికి పెద్దరోగం వచ్చింది, డిచ్‌పల్లికి పంపాలె" అని. మా జిల్లాల ఎవ్వరి మీద అనుమానమొచ్చినా డిచ్‌పల్లి పేరే తీసేటోళ్ళు. అక్కడ ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ, నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో కుష్ఠు రోగుల దవాఖాన తెరిచింది. ఎవ్వరూ దగ్గరికి రానీయని మనుషులను ముట్టుకొని మందిచ్చిన జాగ అది. కుష్ఠు కంటి లోపలి పొరకు కూడ పాకుతది, యువియైటిస్ కారణాలల్ల అదొకటి అన్నది నేను చాన ఏండ్లకు తెలుసుకున్న. అంటే ఊరోళ్ళు తెల్వకనే ఒక నిజం పక్కకు వచ్చిండ్రు. గని వాళ్ళు దాన్ని వైద్యం కోసం అనలే, వెలి కోసం అన్నరు. నెలరోజులు అవ్వను ఎవ్వరూ నాటుకు పిలవలే. మచ్చ లేదు, స్పర్శ పోలే, ఐనా పిలవలే. బాయికాడ మా వాళ్ళే దూరం జరిగిండ్రు. అంటరానితనంల ఇంకో అంటరానితనం ఉంటదని అప్పుడు చూసిన.

తర్వాత ఒక సర్కారు దవాఖానకు పోయినం. ఏ దవాఖానో చెప్పి లాభం లేదు, అప్పుడు ఏది చూసినా అట్లనే ఉండె. కంటి డాక్టరు ఆ వారం రాలే అన్నరు. రెండోసారి పోతే లైను. మూడోసారి ఒకాయన టార్చిలైటు వేసి చీటీ రాసిండు. చీటీ మీది మందు అక్కడ లేదు, బయట కొనుక్కొమ్మన్నడు. ఒక్కసారి పోయి రావాలంటే ఇద్దరి కూలి, బస్సు కిరాయి పోయేది. నాలుగోసారి పోలే.

అక్కడినుంచి ఆ కన్నుకు డాక్టరును నేనే అయిన. చీటీ నలిగి చినిగిపోయింది గని మందు పేరు నాకు యాదికుండె. మెడికల్ షాపుల ఆ చుక్కలు అడిగితే ఎవరూ ఎందుకని అడగకపోయేటోళ్ళు. కన్ను ఎర్రబడంగనే అవ్వ కొంగు ముడి విప్పి పైసలిచ్చేది. నేను ఉరికి పోయి సీసా తెచ్చేటోన్ని. రెండొద్దులకు తగ్గేది. అవ్వ పనికి పోయేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని మందు పేరు చదివే కొడుకున్నడని అవ్వ వాడంత చెప్పుకునేది. అట్ల మూడేండ్లు నడిచింది. 1984 నాటికి కుడికన్నుకు వెలుతురొక్కటే తెలిసేది. మనిషిని పోల్చకపోయేది.

ఆ ఏడాదే ఒక సేవాసంఘం వాళ్ళు కంటి శిబిరం పెట్టిండ్రు. దేశమంతట అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచే నడుస్తున్నది. అది ఎక్కువగ శుక్లాల ఆపరేషన్ల లెక్క మీదనే నడిచింది. శిబిరంలో టెంటు కింద రెండు లైన్లు పెట్టిండ్రు. శుక్లం ఉన్నోళ్ళు ఒక దిక్కు, లేనోళ్ళు ఇంకో దిక్కు. అవ్వ కండ్ల మీద లైటు పడ్డది, తీసిండ్రు. "ఇది శుక్లం కాదు, కన్నే పోయింది. ఎడమ కన్ను మంచిగున్నది. పో" అన్నరు. ఎందుకు పోయిందని ఎవ్వరూ అడగలే. శుక్లం లైన్లో ఉన్నోళ్ళ పేర్లు రాసుకున్నరు. అవ్వ పేరు ఏ కాయితం మీదికి ఎక్కలే.

అవ్వ ఒక్కదే కాదు. మా చిన్నాయిన చెరుకు నరికేటోడు. ఒక ఏడు చలికాలం నరుకుడుల ఉండంగ జ్వరమొచ్చింది. పిక్కలు పట్టేసినయి, కండ్లు పచ్చగైనయి. కామెర్లని పసరు తాగిచ్చిండ్రు. బతికిండు. నెలన్నరకు కన్ను ఎర్రబడి మసకైంది. కొంత చూపు మిగిలింది, కొంత పోయింది. కారణం ఎవ్వరూ చెప్పలే, ఏ పరీక్షా కాలే. ఇప్పుడు నేను అనుమానపడేది లెప్టోస్పైరోసిస్‌ను. చెరుకు తోటల్ల ఎలుకలు చాన. ఎలుక ఉచ్చ తడిసిన బురదలోకెల్లి, ఆకు కోసిన కాళ్ళ చేతుల పుండ్లలోకెల్లి ఆ క్రిమి ఒంట్లోకి పోతది. ముందు జ్వరం, కామెర్లు వస్తయి. వారాలకో నెలలకో కంటి లోపల మంట లేస్తది. 1993 చివర్ల భారీ వానలు, వరదలు వచ్చినంక, 1994లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి ఇట్లాంటి కండ్లు గుంపుగ వస్తే అక్కడి డాక్టర్లు దీన్ని పట్టుకున్నరు. మంచి వైద్యం అందితే ఈ రకంలో చూపు చాలామందికి తిరిగొస్తదని కూడ తేలింది.

దీనికంటె ముందు ముచ్చట ఇంకోటున్నది. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో 1930లల్ల చెరుకు నరికే కూలీలు ఇదే జ్వరంతోని సచ్చిపోతుంటే, "ముందుగాల తోటకు అగ్గి పెట్టుండ్రి, ఎలుకలు పోవాలె, అప్పుడే నరుకుతం" అని 1935లో సమ్మె చేసిండ్రు. తోట కాలిస్తే చెరుకు ఖరాబైతదని మిల్లులు, రైతులు ఒప్పుకోలే. ఐనా కూలీలు కొట్లాడిండ్రు. వాళ్ళకు రోగం పేరు తెలుసు, అది ఏడికెల్లి వస్తదో తెలుసు. అందుకే కొట్లాడ్డానికి ఒక జాగ దొరికింది. మా చిన్నాయినకు అది పసరు తాగే కామెర్లు. పేరు తెల్వని రోగం మీద సమ్మె ఎట్ల చేస్తరు?

ఇక నా కన్ను. 1995. నేను హైదరాబాద్‌లో చదువుకుంట హాస్టల్లో ఉండేది. అంతకు ముందటేడు 1994లో దండోర మొదలైంది. ఊరూరా పేరు ఎనుక మాదిగ అని రాసుకుంటున్న రోజులు. ఒక రాత్రి గోడలకు పోస్టర్లు అంటిచ్చి వచ్చి పండుకున్న. తెల్లారుజామున ఎడమకన్ను సలుపుతో మెలకువ వచ్చింది. లైటు వేస్తే సూదులు గుచ్చినట్టైంది. అద్దంల చూసుకుంటే నల్లగుడ్డు చుట్టూ ఎర్ర గీత. నా కాళ్ళు వణికినయి. అద్దంల నా కన్ను కాదు, అవ్వ కన్నే కనపడ్డది.

మా హాస్టల్‌కు వచ్చిపోయే దోస్తు ఒకడుండె. మెడిసిన్ చివరేడు. మాలోడు, ఎస్సీ సీటుల వచ్చినోడు. దండోర మీద ఇద్దరం రోజూ కొట్లాడుకునేటోళ్ళం. వాడు మంచం మీద నా పక్కకు కూసొని, ఎడమచేత్తో నా రెప్ప పట్టి లేపి, టార్చి వేసి, ముక్కుకు ముక్కు తగిలేటంత దగ్గరికి వచ్చి చూసిండు. "పుసి లేదు. పాప గుండ్రంగ లేదు. ఇది కలుక కాదన్నా, లెవ్వు" అన్నడు. గంటలో ఆటో ఎక్కిచ్చి కంటి ఆసుపత్రికి తీసుకపోయిండు.

1990లో మండల్‌కు వ్యతిరేకంగ చదువుకున్న పిల్లలు రోడ్ల మీద కూసొని బూట్లు పాలిష్ చేసిండ్రు. రిజర్వేషన్లుంటే మాకు ఈ పనే దిక్కు అని చెప్పుడన్నట్టు. మా తాత జీవితమంత చేసిన పని వాళ్ళకు నిరసన అయింది. రిజర్వేషన్ డాక్టరుతో ప్రాణం పోతదని కూడ అన్నరు. నా కన్ను మిగిలింది ఒక రిజర్వేషన్ సీటు వల్ల. ప్రతిభ అంటే ఏందని ఎవరన్న అడిగితే నా రెప్ప పట్టుకున్న ఆ చెయ్యే నాకు యాదికొస్తది.

ఆసుపత్రిలో స్లిట్ ల్యాంప్ ముందట కూసోబెట్టిండ్రు. గడ్డం కింద ఒక ఆధారం, నుదురుకు పట్టీ. అవతల డాక్టరు మొఖం బెత్తెడు దూరంలో. సన్నని వెలుగు గీత కంటిలోకి పంపి చూస్తరు. మామూలు కన్నుల ఆ గీత తేటగ పోతదట. నా కన్నుల మా గుడిసె కప్పు సందులకెల్లి పడ్డ ఎండల దుమ్ము తేలినట్టు కణాలు తేలుతున్నయని దోస్తు చూసి చెప్పిండు. గంట గంటకూ చుక్కలు, పాప తెరిచే చుక్కలు. "తగ్గిందని ఆపొద్దు. వారం వారం మెల్లగ తగ్గించాలె. ఒక్కసారే ఆపితే మళ్ళ లేస్తది" అన్నరు. ఆరువారాలు వేసిన. అతుకులు ఇడిసినయి. చూపు పూరా వచ్చింది.

అప్పుడు డాక్టరు అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ ఇడువలే. "పొద్దున లేవంగనే నడుము పట్టేస్తదా? పనిచేస్తుంటే తగ్గుతదా?"

అవునన్న. నాకు రెండేండ్ల నుంచి ఉండె. హాస్టల్ మంచం బాగలేదనుకున్న.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా?"

గట్టు మీద కూసోని నవ్విన నా నవ్వు నాకే ఇనపడ్డది.

అది వెన్నుపూస కీళ్ళ వాపు రోగం. పండుకుంటే పెరుగుతది, కదిలితే తగ్గుతది. అదే దాని గుర్తు. పటేలు బద్దకమని నవ్విన ఆ గుర్తే డాక్టర్లు రోగాన్ని పట్టుకునే గుర్తు. ఆ రోగమున్నోళ్ళకు కంటి లోపల ఇట్ల మంట లేస్తది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే ఒక జన్యువుతోని దీనికి సంబంధమున్నది. 1973లో దాన్ని కనిపెట్టిండ్రు. ఆ ఏడే లండన్ డాక్టర్లు, ఇట్ల ఉన్నట్టుండి కంటి ముందుభాగం వాచినోళ్ళల్ల దాదాపు సగంమందికి ఈ జన్యువున్నదని చూపిండ్రు. జన్యువున్నోళ్ళల్ల ఎక్కువమందికి ఏ రోగమూ రాదు. గని తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. దోస్తులు చందా ఏసి నాకు రక్తపరీక్ష చేపిచ్చిండ్రు. ఉన్నది. లండన్‌ల 1973ల తేలిన ముచ్చట మా ఇంటికి చేరనీకె ఇరవై రెండేండ్లు పట్టింది.

1996లో అవ్వకు మిగిలిన ఎడమకన్ను కూడ ఎర్రబడ్డది. చెల్లె పక్కింటి నుంచి ఫోను చేసింది. "ఏ చుక్కలూ వెయ్యకు, బస్సెక్కియ్యి" అన్న. మూడోనాటికి అవ్వ హైదరాబాద్‌లో స్లిట్ ల్యాంప్ ముందట కూసున్నది. డాక్టరమ్మ ముందుకు వంగంగనే అవ్వ కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నది. తన ఊపిరి పెద్దోళ్ళ మీద పడొద్దని యాభై ఏండ్లు నేర్పిన అలవాటు.

"కొంగు తియ్యమ్మా. గడ్డం ఇక్కడ పెట్టు" అన్నది డాక్టరమ్మ.

"నేను మాదిగదాన్ని తల్లీ" అన్నది అవ్వ.

డాక్టరమ్మ ఏమీ అనలే. కొంగు తనే పక్కకు తీసి, అవ్వ గడ్డం పట్టి, ఆధారం మీద సరిగ్గ ఆనిచ్చింది. చాన సేపు చూసింది. ఎడమకన్ను మిగిలింది. చుక్కలు వేసి, వాపు పూరాగ చల్లబడి మూడునెలలు నిలిచినంక శుక్లం తీసిండ్రు. వాపు ఉండంగ తీస్తే కన్ను ఖరాబైతదట. కుడికన్నుకు చేసేదేం లేదన్నరు. నడుము కింద ఎక్స్‌రే తీసిండ్రు. కీళ్ళు అతుక్కపోయి ఒక్కటే బొక్క లెక్క ఉన్నది. కన్నుల అతుకు, నడుముల అతుకు. రెండూ ఎన్నడూ ఎవ్వరూ చూడనియే.

ఒక్క మనిషి. రెండు కండ్లు. ఒకటి అరుగు కింద నిలవడ్డది, ఒకటి స్లిట్ ల్యాంప్ ముందట కూసున్నది. ఒకటి పోయింది, ఒకటి మిగిలింది. రోగం ఒకటే.

ఇంకో మాట దాచుకోలేను. ఆ రోజు దోస్తు వివరిస్తుంటే నాకు తెలిసింది. స్టిరాయిడ్ చుక్కలు చూసేటోళ్ళు లేకుండ ఏండ్ల తరబడి వేస్తే కొంతమందికి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తయి, నరం చస్తది. పాప తెరిచే చుక్కలు వెయ్యకుంటే అతుకులు ఉండనే ఉంటయి. ఆ సీసాలు తెచ్చింది నేనే. కుడికన్ను పోయిందాంట్ల రోగం పాలెంత, మందు పాలెంత, ఎవ్వరూ చెప్పలేరు. అవ్వకు ఈ మాట చెప్పనీకె నాకు ఏడేండ్లు పట్టింది. 2003లో చెప్పిన. అవ్వ అన్నది: "నువ్వు తేకుంటే ఇంకెవడు తెస్తుండెరా? ఆ చుక్కలేసుకున్న నాడే గద నేను నాటుకు పోయింది. నాటుకు పోయిన నాడే గద మీరు తిన్నది." 2011లో అవ్వ పోయింది. ఆ మాట నాకు ఓదార్పు కాలే. గని తప్పెవరిదని అడిగేటప్పుడు పదమూడేండ్ల పిల్లగాని దగ్గర ఆగొద్దని మాత్రం నేర్పింది.

చదువుకునే పిల్లలకు ఒక సంగతి చెప్తా. 1996లో లాస్ ఏంజెలెస్‌ల ఒక అధ్యయనం అచ్చయింది. మామూలు కంటి డాక్టర్ల దగ్గరికి వచ్చే యువియైటిస్‌ను, యూనివర్సిటీ పెద్దాసుపత్రికి వచ్చేదాన్ని పక్కపక్కన పెట్టి చూసిండ్రు. మామూలు డాక్టర్ల దగ్గర నూటికి తొంభై కంటి ముందుభాగం వాపులే. పెద్దాసుపత్రిలో అవి అరవై. మిగిలినయి లోపలి, ముదిరిన రకాలు. అంటే ఏ తలుపు దగ్గర కూసొని లెక్కపెడితే రోగం ఆ తీరుగ కనపడ్తది. మన దగ్గర పెద్దాసుపత్రుల పుస్తకాలల్ల క్షయ, లెప్టోస్పైరోసిస్, బి27 అని కారణాలు రాసి ఉంటయి. చానమందికి కారణం దొరకలేదని కూడ రాసుంటది. గని ఆ పుస్తకాలల్ల ఉన్నది తలుపు దాటి లోపటికి పోయినోళ్ళే. బీడీలు చుట్టుకుంట దగ్గే మా ఆడోళ్ళ ఎర్రకన్నులు, నాట్లల్ల ఉన్న ఎర్రకన్నులు ఏ పుస్తకంల ఉన్నయి? 1996 నుంచి 2000 దాక ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లల్ల పదివేల మందికి పైగా జనాల కండ్లు చూసిండ్రు. దవాఖానకు వచ్చినోళ్ళనే కాదు, ఊర్లెకు పోయి ఎంచిన ఇండ్లల్ల ఉన్నోళ్ళను లెక్కపెట్టిండ్రు. గోదావరి అవతల ముధోల్‌లో ఊరోళ్ళ కోసం కంటి ఆసుపత్రి కూడ పెట్టిండ్రు. అట్ల జనం దగ్గరికి పోతేనే అసలు లెక్క వస్తది.

నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. చెరుకు తగ్గి వరి పెరిగింది. 2018లో, మళ్ళ 2023లో కంటి వెలుగు శిబిరాలు వచ్చినయి. మా వాడల చానమందికి అద్దాలు వచ్చినయి, మంచిదే. గని శిబిరం తారీకు పెట్టుకొని వస్తది, ఈ రోగం తారీకు పెట్టుకొని రాదు. నాట్ల నడుమ రాత్రిపూట వస్తది. వచ్చిన రెండు మూడొద్దులల్ల ఎవరన్న రెప్ప లేపి చూడాలె. నాకు 1995 నుంచి ఐదుసార్లు వచ్చింది. ఐదుసార్లు రెండోనాడే డాక్టరు ముందట కూసున్న. నా చూపు మిగిలే ఉన్నది. నేను అవ్వకంటె గట్టి మనిషినేం కాదు, నాకు జీతముండె, తొవ్వ తెలుసుండె.

పోయినేడు వానాకాలం ఊరికి పోయిన. నాట్లకు పోయొచ్చిన ఒక కోడలు పిల్ల మా ఇంటి ముందటి అరుగు మీద నడుము పట్టుకొని కూసున్నది. పక్కోళ్ళు నవ్వుతున్నరు, "గీ వయసులనే నడుమానే నీకు" అని. నేను పోయి పక్కకు కూసున్న.

"బిడ్డా, నడుము ఎప్పుడు పడ్తది? పొద్దుగాలనా, పనిల పడ్డంకనా?" అని అడిగిన.

"పొద్దుగాల మామా. పనిల పడితే ఇడుస్తది" అన్నది.

"కన్ను ఎప్పుడన్న ఎర్రగైందా? వెలుతురు ఓర్వకపోయినవా?"

ఆ పిల్ల నన్ను అనుమానంగ చూసింది. నాకెట్ల తెలుసన్నట్టు.

మర్నాడు పొద్దున బోధన్ బస్సుకు ఇద్దరం పోయినం.